పెరటి జవాబులు: కర్ర మందారానికి ముహూర్తం ఎప్పుడు?

మార్చి సంచికలో మా ప్రహరీ పక్కన పూసిన హాలీహాక్ ఫొటో వేశారు. ఫొటోలో నా పక్కనున్న మొక్క నాకంటే రెండడుగులు ఎత్తు. అప్పటి నుంచి ఉత్తరాలు ఆగలేదు. విత్తే రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. గులాబీలవాళ్లు, మిరపనారువాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ఎప్పుడూ చూడనివాళ్లకు రెండు ముక్కలు. ఇది మందారం, బెండ, గోంగూర, పత్తి ఉన్న కుటుంబంలోదే. అరచేయంత ఆకు, ముట్టుకుంటే గరుకు. కొందరికి ఆ నూగుతో చేతులు దురద పెడతాయి, నాకూ పెడతాయి. పెద్దగా కొమ్మలు వేయదు. నిటారుగా ఒక కాడ లేచి, కింది నుంచి పైకి వరసగా పూసుకుంటూ పోతుంది. పువ్వు మన ఒంటిరేకు మందారంలాగే వెడల్పుగా ఉంటుంది గానీ కాడకి అంటిపెట్టుకుని ఉంటుంది. తెలుగులో దీనికి పేరేమిటని చాలామంది అడిగారు. మా అత్తగారు 'కర్ర మందారం' అనేవారు. మా ఇంట్లో అదే స్థిరపడిపోయింది.

ఆన్‌లైన్‌లో 'హెయిర్‌లూమ్ హాలీహాక్' గింజలు 30 తెప్పించాను. జూన్‌లో తొలకరి పడగానే వేస్తే 19 మొలిచాయి. ఆకులు క్యాబేజీలా బలంగా పెరిగాయి. ఆగస్టు వానలకు ఒక్కొక్కటే మొదలు కుళ్లి పడిపోయాయి. మిగిలిన నాలుగు డిసెంబరు దాకా ఉన్నాయి గానీ ఒక్క పువ్వూ లేదు. గింజలు నకిలీవా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

గింజల్ని ఏమీ అనకండమ్మా. ముప్పైకి పంతొమ్మిది మొలిచాయంటే మంచి గింజలే. తప్పింది ముహూర్తం.

తొలకరి పడిందంటే మన చేతులు ఊరుకోవు. బీర, సొర, బెండ వేసే చేత్తోనే ఇదీ వేసేస్తాం. కానీ ఇది చలి ఎరిగిన మొక్క. దాని సొంత పద్ధతి ఏమిటంటే, మొదటి ఏడాది నేలకి కరుచుకుని ఆకుల గుత్తిగా ఉంటుంది. ఒక చలికాలం ఒంటికి తగిలాక రెండో ఏడాది కాడ లేపి పూస్తుంది. చలిదేశాల్లో దానికి ఆ తీరిక ఉంది. మన దగ్గర రెండో ఏడాది వచ్చేలోపు మే నెల వస్తుంది. అందుకని మనం దీన్ని శనగలాగా చలికాలపు పంట అనుకోవాలి. వానలు తగ్గుముఖం పట్టాక వేసి, చలిలో పెంచి, ఎండలు ముదిరేలోపు పువ్వులూ గింజలూ తీసేసుకోవాలి.

తెలంగాణలో, కోస్తా జిల్లాల్లో సెప్టెంబరు ఆఖరి వారం నుంచి అక్టోబరు 15 లోపు విత్తండి. మాకు మదనపల్లెలో రాత్రులు కాస్త ముందే చల్లబడతాయి కాబట్టి నేను సెప్టెంబరు రెండో వారంలో మొదలుపెడతాను. నెల్లూరు, తిరుపతి వైపువాళ్లకి అక్టోబరు, నవంబరుల్లోనే పెద్ద వానలు. వాళ్లు నారు వరండాలో పెంచి, ముసురు తగ్గాక నేలలో పెట్టుకోవడం మేలు. విత్తిన నాలుగున్నర, ఐదు నెలలకు మొదటి పువ్వు. అంటే ఇంచుమించు ఫిబ్రవరి.

డిసెంబరు దాకా ఉన్న ఆ నాలుగూ తర్వాత ఏమయ్యాయో మీరు రాయలేదు. విసుగొచ్చి పీకేసి ఉంటే మాత్రం అయ్యో అనాలి. ఒకటైనా ఫిబ్రవరిలో కాడ లేపి ఉండేదేమో.

ఈ 'ఒకటైనా' అన్న మాట దగ్గర మీకు నా సంగతి చెప్పాలి. 1991లో మావారికి డెహ్రాడూన్ బదిలీ అయింది. అక్కడ మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే ప్రతి క్వార్టర్ ముందూ ఇవే. వాళ్లు 'గుల్‌ఖైరా' అంటారు. పక్కింటావిడ పెరట్లో ఒకటే రంగు, ఎండలో చూస్తే ముదురు మెరూన్, నీడలో చూస్తే నలుపు. 1994లో మేం సామాను సర్దుకుంటుంటే హిందీ పేపరు ముక్కలో పిడికెడు గింజలు పొట్లం కట్టి ఇచ్చింది. అది ఆవిడకి వాళ్ల అత్తగారి ఊరి నుంచి వచ్చిన విత్తనమట.

ఆ ఏడే మదనపల్లెలో వేశాను. పద్నాలుగు మొక్కలు నిలబడ్డాయి. పూసినవి మూడు. మిగతా పదకొండూ నల్లగా నిగనిగలాడే ఆకులేసుకుని మే దాకా కూర్చుని, ఎండకి ఒక్కొక్కటీ వాడి చచ్చాయి. ఏడుపొక్కటే తక్కువ. ఆ మూడింటి గింజలే మరుసటేడు వేశాను. ఈసారి సగం దాకా పూశాయి. వాటి గింజలు మళ్లీ వేశాను. ఆరేడేళ్లు తిరిగేసరికి ఇరవై వేస్తే పదిహేనుకి తగ్గకుండా అదే చలికాలంలో పూయడం మొదలైంది. పోయిన ఫిబ్రవరిలో ఇరవైకి పదిహేడు.

నేను బాటనీ పాఠాలు చెప్పినదాన్ని కదా, పెద్ద శాస్త్రీయంగా ఎంపిక చేశానని గొప్పలు చెప్పుకోవచ్చు. అబద్ధం. పూయని మొక్క గింజ ఇవ్వలేదు, అంతే. ఏరింది మే నెల ఎండ. నేను చేసిందల్లా గింజలు పారేయకుండా దాచడం.

'హెయిర్‌లూమ్' అంటే ఇంతకుమించి పెద్ద అర్థం లేదు. మన నాటు వంకాయ, నాటు చిక్కుడు ఎలాగో ఇదీ అలాగే. తరాలుగా ఎవరో ఒకరు గింజ కట్టుకుంటూ వచ్చిన రకం. వేరే రకం పుప్పొడి కలవనంతవరకు దాని గింజ వేస్తే తల్లిలాంటి పిల్లే వస్తుంది. హైబ్రిడ్ గింజకి ఆ భరోసా ఉండదు. కాబట్టి మీ పొట్లంలో గింజలు మిగిలి ఉంటే ఈ సెప్టెంబరులో వేయండి. రెండు పూసినా చాలు, ఆ రెండింటి గింజే మీది. కొత్తగా కొనేవాళ్లు మాత్రం పొట్లం మీద 'మొదటి ఏడాదే పూస్తుంది' అని ఉందో లేదో చూసి కొనుక్కోండి, కొన్నేళ్ల నిరీక్షణ తప్పుతుంది.

మీరు ఏప్రిల్ సంచికలో 'గింజలు నానబెట్టి వేస్తే త్వరగా మొలుస్తాయి' అని రాశారు. రెండు రోజులు నానబెట్టాను. జిగురొచ్చి, వాసనేసి, ఒక్కటీ మొలవలేదు. సగం చెప్పి వదిలేస్తే ఎలాగండి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

క్షమించండి, తప్పు నాదే. 'ఒక రాత్రి' అని రాయాల్సింది. ఇది బెండకి చుట్టం, నీళ్లు తగిలితే జిగురు పడుతుంది. రాత్రి పడుకునే ముందు గిన్నెలో వేసి, పొద్దున కాఫీ తాగేలోపు వడగట్టేయాలి. అసలు నానబెట్టకపోయినా మొలుస్తుంది, కాకపోతే నాలుగు రోజులు ఆలస్యం.

సగం చెప్పానన్నారు కాబట్టి మిగతా సగం కూడా చెప్పేస్తాను. గింజ బిళ్లలాగా పల్చగా ఉంటుంది. దాన్ని అర అంగుళానికి మించి లోతు పెట్టకండి, చిటికెన వేలి గోరంత లోతు చాలు. ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో మొలక వస్తుంది. మొదట వచ్చే రెండాకులూ గుండ్రంగా ఉంటాయి, బెండమొలక చూసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. మూడో ఆకు నుంచి ముడతలు కనిపిస్తాయి.

దీనితో ఉన్న చిక్కంతా వేరుది. ముల్లంగిలాగా తల్లివేరు సూటిగా కిందికి దిగిపోతుంది. నారుమడిలో పోసి, టమాటా నారులాగా పీకి నాటితే ఆ వేరు తెగుతుంది. మొక్క చావదు గానీ అలుగుతుంది, నెల రోజులు కదలదు. మనకి ఉన్నదే ఐదు నెలలు, అందులో నెల అలకకి పోతే ఎలా? అందుకని నేరుగా నేలలోనే, అడుగున్నర నుంచి రెండడుగుల ఎడంలో, చోటుకి మూడేసి గింజలు పెట్టి, తర్వాత బలమైనది ఒకటి ఉంచండి. చీమలు, నత్తలు, కోళ్లు ఉన్నచోట నాలాగా పేపరు కప్పుల్లో పెంచుకోండి. టీ కప్పులు చిన్నవి, వద్దు. కూల్‌డ్రింకులకి వాడే పొడుగు కప్పు కావాలి. అడుగున రంధ్రం చేసి, నాలుగాకులు రాగానే కప్పుని చీల్చి మట్టిగడ్డ విడిపోకుండా గోతిలో దించేయండి. అంతకంటే ఆలస్యం చేస్తే వేరు అడుగున చుట్టచుట్టుకుంటుంది.

నారు కుళ్లు తెగులు రాకుండా ఉండాలంటే నీళ్లు తగ్గించడం ఒక్కటే మందు. పై మట్టి వేలికి పొడిగా తగిలాకే పోయండి.

హైదరాబాద్‌లో రెండో అంతస్తు టెర్రస్ మాది. కుండీల్లో వస్తుందా? గాలి బాగా కొడుతుంది, అదే టెన్షన్.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

వస్తుంది. తల్లివేరు సంగతి పైన చదివారు కదా, అందుకని వెడల్పు కంటే లోతు చూసుకోండి. 15 అంగుళాల లోతు గ్రోబ్యాగ్‌కి ఒకే మొక్క. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్ట్, ఒక పాలు కోకోపీట్, గుప్పెడు వేపపిండి. యూరియా జోలికి వెళ్లకండి. ఆకులు తామరాకులంత అవుతాయి, పువ్వులు మాత్రం మార్చికి జరుగుతాయి.

గాలికి భయపడటం సబబే. నేలలో ఆరు, ఏడడుగులు పోయేది కుండీలో నాలుగైదు అడుగుల దగ్గర ఆగుతుంది, అది ఒక రకంగా మీకు మంచిదే. కాడ రెండడుగులు ఉండగానే వెదురుకర్ర పాతండి. పడిపోయాక పాతితే వేరు తెగుతుంది. కట్టడానికి ప్లాస్టిక్ తాడు వద్దు, కాడని కోసేస్తుంది. పాత నూలుచీర అంచు చింపి, కర్రకీ కాడకీ మధ్య ఒక మెలిక వచ్చేలా 8 అంకెలాగా వదులుగా కట్టండి. కుండీలు పిట్టగోడకి ఆనించి పెట్టండి, కానీ ఆరు గంటల ఎండ తగ్గకూడదు. నీడలో కాడ సన్నబడి వంగిపోతుంది.

ఆకుల కింద నారింజ రంగు పొక్కులు వస్తున్నాయి. కింది ఆకులతో మొదలై పైకి పాకుతోంది. మందు కొడితే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. గోడ పక్కనే బెండ కూడా వేశాను, దానికి అంటుకుంటుందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

మీరు పంపిన ఆకు కవరులో నలిగిపోయి వచ్చినా పొక్కులు చెక్కుచెదరలేదు. భూతద్దం పెట్టి చూశాను. ఆకు పైభాగాన పసుపు చుక్క, మధ్యలో కాస్త ఎరుపు. సరిగ్గా దాని కిందే ఆకు అడుగున ఆవగింజలో సగం ఉండే బొడిపె. గోటితో గీరితే ఊడదు, గట్టిగా ఉంటుంది. ఇది హాలీహాక్ తుప్పు తెగులు. మీ ఊరి చల్లదనం, తేమ దానికి స్వర్గం. హనుమకొండ ఎండలో ఇంత విజృంభించదు.

ఈ తెగులుకి ఒక చరిత్ర ఉంది. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని చిలీ. అక్కడి నుంచి యూరప్ చేరి, 1873లో ఇంగ్లండులో కనిపించింది. ఆ రోజుల్లో అక్కడ హాలీహాక్ పిచ్చి మామూలుగా ఉండేది కాదు. శాఫ్రన్ వాల్డెన్ అనే ఊళ్లో విలియమ్ చేటర్ అనే నర్సరీ ఆయన ముద్దబంతిలాంటి ముద్దరేకు రకాలు సృష్టించి పేరు తెచ్చుకున్నాడు. 'చేటర్స్ డబుల్' అని ఇప్పటికీ విత్తన పొట్లాల మీద ఆయన పేరే. పేరున్న రకాలన్నింటినీ అప్పట్లో ముక్కలు కత్తిరించి, అంట్లు కట్టి పెంచేవాళ్లు. తుప్పు తగిలేసరికి నర్సరీలకి నర్సరీలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాతే జనం పాత మొక్కని పట్టుకు వేలాడటం మాని, ఎప్పటికప్పుడు గింజ నుంచి పెంచుకునే పద్ధతికి మళ్లారు.

మీకు చెప్పదలచుకున్నదీ అదే. ఈ తెగులు బతికి ఉన్న మొక్కల్లో, రాలిన ఆకుల్లో దాక్కుని మరుసటేటికి సిద్ధంగా ఉంటుంది. మీ ఊరి వాతావరణానికి మొక్క ఎండాకాలం దాటి రెండో ఏడాదికి కూడా బతుకుతుంది. ముచ్చటపడి ఉంచేస్తారు, ఆ ముచ్చటే తుప్పుకి ఇల్లు. గింజ పండగానే మొక్కని వేరుతో సహా తీసేయండి. ఆకులు ఊడ్చి మూటగట్టి బయట పారేయండి, కంపోస్టులో మాత్రం వేయొద్దు. ఈలోపు, పొక్కులున్న కింది ఆకులు కోసేయండి. మొక్క మొదలు నుంచి ఒక అడుగు దాకా ఆకులు లేకపోయినా నష్టం లేదు, గాలి ఆడుతుంది. నీళ్లు ఆకుల మీద పడకుండా పొద్దుటిపూట మొక్క మొదలు దగ్గర పోయండి. మందు తప్పదనుకుంటే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, పది పదిహేను రోజుల ఎడంతో, చల్లటి పూట. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. పొక్కు వచ్చిన ఆకుని ఏ మందూ బాగుచేయదు, కొత్త ఆకుని కాపాడుతుంది అంతే. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోందని మీరు అంటున్నది అందుకే.

బెండ విషయంలో నా భయం తుప్పు గురించి కాదు, తెల్లదోమ గురించి. ఆకు ఈనెలు పసుపుపచ్చగా మారే పల్లాకు తెగులుని అది ఒక మొక్క నుంచి మరో మొక్కకి మోస్తుంది, రెండూ ఒకే కుటుంబం. రెండింటినీ పెరటికి చెరో మూలకి పంపేయండి.

ఇక్కడ మేం కొన్న పాత ఇంటి కంచె పొడుగునా నల్ల హాలీహాక్స్ ఉన్నాయి. ముందున్న పెద్దావిడ ముప్పై ఏళ్లుగా పెంచిందట. గింజలు కోసి చూస్తే చాలావాటికి గుండ్రటి రంధ్రాలు. మంచివి ఏరి తెనాలిలో ఉన్న మా అమ్మకి డిసెంబరులో తీసుకెళ్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు, మిన్నెసోటా, అమెరికా

అదృష్టవంతురాలివి తల్లీ. ఆ కంచెని అలాగే ఉంచు. మీ అమెరికా పల్లెల్లో ఒకప్పుడు ఇంటి వెనక మరుగుదొడ్డి చుట్టూ హాలీహాక్స్ వేసేవారు. ఆ పువ్వులు ఎక్కడుంటే అక్కడే అని వచ్చిన ఆడవాళ్లు ఎవరినీ అడక్కుండా వెళ్లేవారట. ఇప్పటికీ అక్కడ ఒంటిరేకు నాటు రకాన్ని 'ఔట్‌హౌస్ హాలీహాక్', అంటే మరుగుదొడ్డి హాలీహాక్, అన్న పేరుతోనే అమ్ముతారు. పేరు విని ముక్కు మూసుకోకు.

రంధ్రాలు చేసింది హాలీహాక్ ముక్కుపురుగు. మన బియ్యంలో పడే ముక్కుపురుగుకి దూరపు చుట్టం. బూడిదరంగు, దాదాపు మూడు మిల్లీమీటర్లు, అందులో ముక్కే సగం అనిపిస్తుంది. మొగ్గలో గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు గింజ లోపలే తిని పెరుగుతుంది. మొగ్గ తొడిగే రోజుల్లో సాయంత్రం పూట మొక్క కింద తెల్లగుడ్డ పరిచి కాడని దులుపు. రాలినవాటిని సబ్బునీళ్లలో వేసెయ్. పురుగు పట్టిన కాయల్ని చెట్టు మీద వదిలేయకుండా కోసి పారెయ్.

ఇంక అసలు విషయం. అమ్మకి తీసుకురాకు. రంధ్రం లేని గింజలో కూడా పిల్లపురుగు ఉండొచ్చు. పురుగు సంగతి వదిలేసినా, బయటి దేశం నుంచి విత్తనం తేవాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆ దేశం ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. సూట్‌కేసులో చీరల మడతల్లో పెట్టుకొచ్చేది కాదు. పైగా మిన్నెసోటా మంచులో ముప్పై ఏళ్లు ఏరుకుంటూ వచ్చిన గింజ తెనాలి ఉక్కపోతలో ఏం పూస్తుంది చెప్పు? మా పెరట్లో పదకొండు మొక్కలు చచ్చిన కథ పైన రాశాను, చదువు. అమ్మకి ఇక్కడి గింజే ఇప్పించు, నువ్వు ఫొటోలు పట్టుకెళ్లు.

గింజలు ఎప్పుడు కోయాలి, ఎలా దాచాలి? మూడు రంగులు పక్కపక్కన ఉన్నాయి, రంగు మారకుండా ఉండే మార్గం చెప్పండి.
– ఒక పాఠకురాలు, అనంతపురం

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను.

పువ్వు రాలిపోయాక ఆకుపచ్చ తొడుగు మళ్లీ మూసుకుని, మూతికట్టిన సంచిలా కనిపిస్తుంది. అది ఎండి గోధుమరంగుకి వచ్చి, కొసలు విచ్చుకోవడం మొదలుపెట్టినప్పుడు కోయాలి. పచ్చిగా కోస్తే గింజ తెల్లగా, మెత్తగా ఉంటుంది, పనికిరాదు. తొడుగు విప్పి చూడండి. లోపల గింజలు ఒకదాని పక్కన ఒకటి నిలువుగా పేర్చి, గుండ్రంగా చక్రంలా ఉంటాయి. కాసులపేరుని చిన్న డబ్బీలో చుట్ట చుట్టి పెట్టినట్టు. బొటనవేలితో నొక్కితే చక్రం ఒక్కసారిగా విడిపోతుంది. నేను లెక్కపెట్టినవాటిలో ఒక్కో చక్రానికి 22 నుంచి 34 గింజల దాకా ఉన్నాయి. ఒక్క కాడ మీద నలభై కాయలు పండాయనుకోండి, వెయ్యి గింజలు. పొట్లానికి ముప్పై గింజలు పెట్టి అమ్మేవాళ్లని తలుచుకుంటే నవ్వొస్తుంది.

కాడ అడుగున ఉన్నవి ముందు పండుతాయి, కొస మీద ఇంకా పువ్వులుంటాయి. కాబట్టి ఒకేసారి కోసేద్దామంటే కుదరదు, వారానికోసారి కింది నుంచి ఏరుకుంటూ రావాలి. బలంగా ఎదిగి, ముందుగా పూసిన మొక్కలకి అప్పుడే రంగుదారం కట్టి గుర్తుపెట్టుకోండి. ఒక్క మొక్క గింజలే దాచకండి, కనీసం నాలుగైదు మొక్కలవి కలపండి. ఒక్కదాని సంతానమే ఏళ్లతరబడి పెంచితే మొక్కలు నీరసపడతాయి.

ఇక రంగు. పువ్వు విచ్చిన రోజు మధ్యలోని స్తంభం నిండా పుప్పొడే ఉంటుంది, ఆడభాగం ఇంకా బయటపడదు. ఒకటి రెండు రోజులకి పుప్పొడి అయిపోవస్తుండగా ఆ కొస నుంచి సన్నటి దారాల్లాంటివి విచ్చుకుంటాయి, అవి పుప్పొడి అందుకునే భాగాలు. అంటే పువ్వు తన పుప్పొడి పంచేశాక పక్కింటి పుప్పొడి కోసం ఎదురుచూస్తుంది. తేనెటీగ ఒళ్లంతా పిండి పూసుకున్నట్టు తెల్లగా చేసుకుని ఒక్కో పువ్వూ తిరుగుతుంది. మీ మూడు రంగులూ కలవకుండా ఉండటం దాదాపు అసాధ్యం.

నేను స్వయంగా దెబ్బతిన్నాను. 2009లో ఒక నర్సరీలో లేత గులాబీరంగు మొక్క చూసి మనసుపడి తెచ్చి నా మెరూన్‌వాటి పక్కనే పెట్టాను. ఆ ఏడు చూడముచ్చటగా ఉంది. మరుసటేడు వేసిన గింజల్లో సగానికి పైగా ఎటూకాని రంగు, బీట్‌రూట్ ఉడికించిన నీళ్లలా. పదిహేనేళ్లు ఒకే రంగుగా వచ్చిన విత్తనం ఒక్క ఫిబ్రవరిలో కలగాపులగం. పాత సీసాలో 2008 గింజలు కొన్ని మిగిలి ఉండబట్టి బతికిపోయాను. వాటిలో మొలిచినవి తొమ్మిదే. ఆ తొమ్మిదింటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఏటా తీసిన గింజలన్నీ వేసేయను, సగం వెనక్కి దాస్తాను. కలిసిపోయినవాటిలో ఒకదానికి మాత్రం గొంతు దగ్గర పచ్చటి చుక్కతో కుంకుమపువ్వు పాలరంగు వచ్చింది. అది పీకడానికి చేతులు రాలేదు. గింజ మాత్రం ఉంచుకోలేదు.

మీకున్న మార్గాలు రెండు. ఏడాదికి ఒక్క రంగే వేయడం, ఇది తేలిక. మిగతా రెండు రంగుల గింజలు సీసాలో ఉంటాయి, వచ్చే ఏడు వాటి వంతు. పక్కింటివాళ్లూ వేస్తే వాళ్లతో ఒప్పందం చేసుకోండి. లేదంటే సంచి కట్టడం. రేపు విచ్చుకోబోయే మొగ్గకి సాయంత్రం పల్చటి మల్లుగుడ్డ సంచి తొడిగి మూతి కట్టాలి. దారాల్లాంటి భాగాలు బయటికొచ్చాక, అదే రంగు వేరే మొక్క మీద సంచి కట్టిన పువ్వు నుంచి మెత్తటి బ్రష్‌తో పుప్పొడి తెచ్చి అద్ది, మళ్లీ సంచి తొడిగేయాలి. ఆ కాయకి రంగుదారం కట్టండి. ఒక కాయకి పాతిక గింజలు వస్తాయి కాబట్టి రంగుకి ఐదారు కాయలు చేసుకుంటే మీ ఇంటికి సరిపోతాయి. ముద్దరేకు రకాల్లో ఇంత చేసినా కొన్ని ఒంటిరేకువి వస్తాయి, బెంగపడకండి.

కోసిన గింజలు నీడలో వారం, పది రోజులు ఆరబెట్టండి. పొట్టు చెరిగేయండి, చాటలో రెండు విసుర్లు చాలు. పేపరు కవరులో వేసి రంగు, సంవత్సరం రాసి, గాజుసీసాలో పెట్టండి. సీసా అడుగున వేయించి చల్లార్చిన బియ్యం గుప్పెడు మూటకట్టి వేస్తే తేమ పీల్చుకుంటుంది. ఫ్రిజ్ తలుపులో ఉంచితే రెండు మూడేళ్లు బాగానే మొలుస్తాయి. పాత గింజ మీద అనుమానముంటే పదింటిని తడిగుడ్డలో చుట్టి రెండు వారాలు చూడండి. ఆరు మొలిస్తే ధైర్యంగా వేసుకోవచ్చు, మూడే మొలిస్తే రెట్టింపు వేయండి.

పాతబస్తీలో యునానీ మందుల కొట్లో 'గులే ఖైరూ' అని ఎండుపూలు అమ్ముతారు. అవి ఇవేనా? మన పెరటి పూలు దగ్గుకి కషాయం కాచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

ఆ పేరుతో హాలీహాక్, దాని దగ్గరి బంధువుల పూలు అమ్ముతారు. పువ్వు విషం కాదు, రేకులు సలాడ్‌లో వేసుకునేవాళ్లూ ఉన్నారు. కషాయం సంగతి హకీం గారిని అడగండి, నేను మొక్కల మనిషిని. కానీ మందుకొట్టిన మొక్క పువ్వు నోట్లో పెట్టకండి.

ఇంట్లో పిల్లలుంటే ఇంకో పని చేయండి. ముదురురంగు రేకులు నాలుగు వేడినీళ్లలో వేసి రంగు దిగాక రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం పిండితే ఎర్రబడుతుంది. రెండోదాంట్లో చిటికెడు వంటసోడా వేస్తే నీలం, ఆకుపచ్చల మధ్యకి వెళ్తుంది. కాలేజీలో లిట్మస్ అయిపోయిన రోజుల్లో నేను ఇలాగే నెట్టుకొచ్చాను.

నీలం రంగు హాలీహాక్ గింజలు 99 రూపాయలకి అమ్ముతున్నారు. ఫొటోలో ఆకాశంలా ఉన్నాయి. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

వద్దు. తెలుపు, పసుపు, గులాబీ, ఎరుపు, నలుపనిపించే మెరూన్ దాకా ఉన్నాయి గానీ అసలైన నీలం హాలీహాక్ లేదు. ఆ నీలం ఫొటోలో పూసింది. నీలమే కావాలంటే ఎవరి కంచె మీదనుంచైనా నాలుగు శంఖుపువ్వు కాయలు అడిగి తెచ్చుకోండి.